సుబ్బన్న కోసం వేసిన ఇసుక బస్తాలు

నడుము విరిగిన మా గది సుబ్బన్నను ఇరాక్ ఆక్రమించిన ఈ దేశం దాటించి జోర్డాన్ సరిహద్దుకు చేర్చడానికి ఈ పొద్దున ఖాదర్ భాయ్ ట్రైలర్ దొరికింది. ఖాళీ ట్రైలర్ ఎగిరెగిరి కుదుపుతుంది. అందుకని లారీ మీద ట్రైలర్ ఆనే చోట గ్రీజు పూసి, ట్రైలర్‌లో సరిగ్గా ఆ చోటి పైన ఇసుక బస్తాలు పేర్చాను. షువైఖ్ రేవు దాటేవరకు సుబ్బన్న మూలగలేదు.

చెక్‌పోస్టు దగ్గర ఇరాకీ సైనికుడు బస్తాలన్నీ తన బంకరుకు దింపించుకున్నాడు. దేశమంతా ఇసుకే, వాడికి నా బస్తాలే కావలసి వచ్చాయి.

"ఇసుక ఉంచుకో, గోతాలన్నా ఇయ్యి. ముందర నింపుకుంటాం" అన్నాను, వచ్చిన అరబీలో.

"ఖలాస్. యల్లా" అంటూ, అంతే ఇక కదలమని చెయ్యి ఊపాడు.

రెండు మైళ్ళు పోగానే సుబ్బన్న, "నన్ను దింపేయబ్బీ, ఈ కుదుపుకు సరిహద్దు దాకా బతకను" అన్నాడు. ఖాదర్ భాయ్ మమ్మల్ని దింపి, మా కోసం ఆగలేనని వెళ్ళిపోయాడు. సుబ్బన్నను దారిలో దొరికిన తోపుడుబండి మీద గదికి తెచ్చాను.

బరువు లేకుండా కుదుపు తగ్గించే మార్గం తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో ట్రైలర్ వస్తుందని ఓదార్పుకు మాత్రం చెప్పకండి.