గౌరి తిన్న క్యారియర్లు

ఫొటో తీసుకుని, నచ్చకపోతే చెరిపేసి మరొకటి తీసుకునే సౌకర్యం ఆ రోజుల్లో లేదు. మనం ఎలా ఉన్నామో ఎదుటివాళ్ళు చెప్పాలి, మనం నమ్మాలి. తొంభైల చివర్లో గుంటూరు నుంచి బెంగళూరు వచ్చి ఎం.సి.ఏ.లో చేరిన నాకు ఆ సంగతి చెప్పింది మా సీనియరు. కాలేజీ వార్షికోత్సవానికి గ్రూపు డాన్సు నేర్పుతూ, ముందు వరసలో నిలబడ్డ నన్ను భుజం పట్టుకుని వెనక్కి జరిపి, "నువ్వు ఇక్కడుండు. ముందుంటే వెనకవాళ్ళు కనపడరు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. (అలాంటప్పుడు అందరికంటే గట్టిగా నవ్వాలని బొద్దుగా ఉండే పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు.) వార్షికోత్సవానికి ఇంకా రెండు నెలలుంది. ఆలోగా సన్నబడి ముందు వరసలోకి వచ్చి తీరతానని ఆ సాయంత్రమే ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టుకు అడ్డమల్లా మా ఆంటీ. మడివాళ మార్కెట్టు వెనక సందులో ఆవిడ మేడ మీద ఆరుగురు ఆడపిల్లలం పేయింగ్ గెస్టులుగా ఉండేవాళ్ళం. ఆంటీ వాళ్ళు తాతల కాలం నుంచీ బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఆవిడ మాట మాకు మొదట్లో సగమే అర్థమయ్యేది, వంట మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. తెల్లారకముందే లేచి వండి, ఆరు క్యారియర్లు కట్టి మెట్ల కింద వరసగా పెట్టేది. సాయంత్రానికి క్యారియరు ఖాళీగా తిరిగి రావాలి, ఆ ఇంట్లో ఉన్న చట్టం అదొక్కటే. నాలుగు మెతుకులు మిగిలినా మూత తీసి చూసి, "ఏమప్పా, అట్లనే వదిలేసినావు? బాగుండలేదా?" అని అడిగేది. తిట్టినా బాగుండేది, ఆ అడగడంలో ఉన్న దిగులు భరించలేకపోయేదాన్ని. పోనీ ఎక్కడైనా పారేద్దామంటే, అన్నం పారేస్తే కళ్ళు పోతాయని విని పెరిగిన ప్రాణం.

చివరికి దారి చూపించింది గౌరి. గౌరి అంటే ఆంటీ ఆవు. పెరటి గేటు పక్కన రేకుల కొట్టంలో ఉండేది. పిల్లలు లేని ఆంటీకి అదే బిడ్డ. మా నాయనమ్మ రోజూ తను తినేముందు ఆవుకు ఒక ముద్ద పెట్టేది, గోగ్రాసం అంటే ఎంత పుణ్యమో చెప్పేది. అలాంటప్పుడు నా క్యారియరు గౌరి తొట్టిలో బోర్లిస్తే అది అన్నం పారేయడం ఎలా అవుతుంది? స్వామికార్యం, స్వకార్యం రెండూ నెరవేరాయనుకున్నాను. (నాయనమ్మ చెప్పింది ఒక ముద్ద. నేను మూడు గిన్నెల క్యారియరంతా పెట్టేశాను. పుణ్యంలో కూడా నాకు అత్యాశే.) కాలేజీకి వెళ్తూ నేను మూత తీసీ తీయకముందే గౌరి లేచి నిలబడి మెడ చాచేది. నన్ను చూస్తేనే దానికంత ప్రేమ పొంగుతోందని, ఇది ఏ జన్మ బంధమో అని మురిసిపోయేదాన్ని.

నెల తిరిగేసరికి చుడీదార్లు వదులయ్యాయి. ఎవరైనా "చిక్కిపోయావే" అంటే ఆ రోజంతా నాకు పండగే. దువ్వెన నిండా జుట్టు ఊడిపోతున్నా, బస్సులో కళ్ళు తిరుగుతున్నా, మిట్టమధ్యాహ్నం తరగతిలో చలి పుడుతున్నా లెక్క చేయలేదు. పాఠాలు బొత్తిగా ఎక్కడం మానేశాయి. (ఇందులో ఆకలి తప్పు ఎంతో, నా తప్పు ఎంతో చెప్పలేను.) ఇంత చేసినా అద్దంలో మాత్రం ఆ వెనక వరస పిల్లే కనపడేది. మా మేడ మీద మేము సన్నజాజి అని పేరు పెట్టుకున్న నెల్లూరు పిల్ల ఒకతి ఉండేది. పెట్టి పుట్టింది, ఎంత తిన్నా ఒంటికి పట్టదు అని ఆమెను చూసి కుళ్ళుకునేదాన్ని.

ఉగాది వచ్చింది. మాకేమో ఆ వారంలోనే పరీక్షలు, ఎవరమూ ఊళ్ళకు వెళ్ళలేదు. ఇంటి మీద బెంగ పెట్టుకోకూడదని ఆంటీ పులిహోర, ఒబ్బట్లు (మన బొబ్బట్లే) చేసి, కాలేజీలో కూర్చుని చదువుకుంటామన్న మాకు క్యారియర్ల నిండా కుక్కి కట్టింది. మర్నాడు పొద్దున ఆంటీ ఏడుపుకు లేచి కిందికి పరిగెత్తాం. గౌరి పడుకుని ఉంది. ఎడమ డొక్క డోలులా ఉబ్బిపోయింది, కళ్ళు తేలేసింది. "నెమరు వేస్తా లేదు, లేస్తా లేదు. నా గౌరి నన్ను విడిచి పోతా ఉండాది" అని ఆంటీ దాని మెడ పట్టుకుని కూర్చుంది. స్కూటరు మీద వచ్చిన పశువుల డాక్టరు, "ఏం మేపినారమ్మా?" అన్నాడు. "ఎండుగడ్డి, బూసా. ఇంకేముంటాది సార్ నేను పెట్టేది." ఆయన గౌరి నోట్లోంచి గొట్టం దింపాడు. బుస్సున గాలి, దాని వెంట పచ్చగా ఇంత మెతుకు, కరివేపాకు, వేరుశనగ పప్పులు. "ఇది పులిహోర కదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆంటీ ఆ పప్పుల వైపు చూసి, తలెత్తి మా వైపు చూసింది. గౌరి చచ్చిపోతే చంపింది నేనే. ఆ భయం ముందు సిగ్గు నిలవలేదు. "నేనే పెట్టానాంటీ" అందామని నోరు తెరిచేలోగా నా పక్కనుంచి సన్నజాజి, "నేనేనాంటీ. రోజూ" అంది. ఆమె వెనకాల మా మేడ మీదే ఉండే వరంగల్ అక్క. తరువాత ఇంకో ఇద్దరు. ఒకరి తరువాత ఒకరం వేర్వేరు వేళల్లో పెరటి గేటు దాటేవాళ్ళం కాబట్టి ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. ఆరు క్యారియర్లలో ఐదు గౌరివే. నాకోసం లేచి నిలబడుతోందనుకున్న ఆవు, మూత చప్పుడైతే చాలు ఎవరికైనా లేచి నిలబడేదన్నమాట.

"నా చేతి కూడు అంత చేదుగా ఉండాదా?" అని మాత్రమే అడిగింది ఆంటీ. కాదు, లావైపోతామని భయం అని చెబుతూ చెబుతూ నేను కొట్టం గుంజ పట్టుకుని కూలబడ్డాను. డాక్టరు గౌరి కనురెప్ప లాగి చూసినట్టే నా కనురెప్ప లాగి చూసి, "దానికి ఎక్కువైంది, మీకు తక్కువైంది. దానికి నేనుండాను, మీరు మనుషుల డాక్టరు దగ్గరికి పోండి" అన్నాడు.

గౌరి మూడో రోజుకు లేచి నెమరు వేసింది. ఆ రోజు నుంచి ఆంటీ రాత్రి భోజనానికి మా అందరినీ కింద కూర్చోబెట్టి, తనూ మా మధ్యలో కంచం పెట్టుకునేది. మా కంచాల వైపు చూసేది కూడా కాదు. మొదటి వారం ఒక్కో ముద్దా గొంతులో అడ్డం పడేది. నేనూ సన్నజాజీ ఒకరినొకరు చూసుకుంటూ మింగేవాళ్ళం. లావైపోతానన్న భయం ఒక్క రోజులో పోలేదు, ఒక్క ఏడాదిలోనూ పోలేదు. డాన్సు మాత్రం వెనక వరసలోనే చేశాను.

మొన్న అల్మారా సర్దుతుంటే గౌరి కోలుకున్నాక అందరం దానితో తీయించుకున్న ఫొటో దొరికింది. అందులో లావు పిల్ల కోసం చాలాసేపు వెతికాను. గౌరి తప్ప ఎవరూ లావుగా లేరు. ఆవు వెనకాల, ఒళ్ళు కనపడకుండా తల ఒక్కటే పైకి పెట్టి నిలబడ్డ పిల్లను నేనే. బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు మాత్రం ఇంతేసి ఉన్నాయి. నవ్వొచ్చింది, కాస్త ఏడుపూ వచ్చింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "ముందుకు రావే, ఎవరికీ అడ్డం కావులే" అని చెప్పాలనిపించింది.