బావ పేరుతో వచ్చిన ఉత్తరాలు

మా బావ కట్టుడు పళ్ళు చేసేవాడు. ముప్పై ఏళ్ళు ముక్కూమొహం తెలియని వాళ్ళ నోళ్ళ అచ్చులు చేత్తో పట్టుకున్న మనిషికి ఇక దేనికీ రోత పుట్టదనుకునేదాన్ని. ఈమెయిల్ తెరిచినప్పుడు చూడాలి ఆయన మొహం! మురిక్కాలవలో చెయ్యి పెట్టినట్టు ఉండేది.

ఒక సోమవారం పెద్ద పళ్ళ ఆసుపత్రి మేనేజరు ఫోన్ చేసింది. బావకొచ్చే పనిలో సగానికి పైగా అక్కడిదే.

"మీ అడ్రసుతో మా డాక్టర్లకి బూతు మందుల ప్రకటనలొస్తున్నాయండీ. మీరు నిజంగా పంపేవేమో స్పామ్‌లో పడుతున్నాయి. శుక్రవారంలోగా సరిచేయించండి. లేదంటే అచ్చులు వేరేచోటికి పంపుకుంటాం."

అక్క నన్ను పిలిపించింది. నేను లైబ్రరీలో పనిచేస్తాను. కంప్యూటరు ముట్టుకుంటే పేలదని ఆ ఇంటి మనుషుల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"ఎవడో నా పేరుతో ఉమ్మితే నేను మూతి కడుక్కోవాలా?" అన్నాడు బావ.

"ఊరందరి నోళ్ళూ బాగుచేశావుగా బావా, ఇప్పుడు నీ వంతు."

"నీ నోటికి మాత్రం ఏ అచ్చూ చాలదే!"

చెయ్యాల్సిన పని పెద్దదేం కాదు. బావ పేరుతో ఉత్తరాలు పంపే అధికారం ఏ సర్వర్లకుందో చెప్పే వరుస ఒకటి వెబ్ చిరునామా సెట్టింగుల్లో ఉండాలి. వెబ్‌సైటు కట్టినవాడు మామూలు మెయిల్‌కి ఒక వరుస రాసి మాయమయ్యాడు. పళ్ళు సిద్ధమయ్యాయని డాక్టర్లకు తనంతట తాను కబురుపెట్టే సాఫ్ట్‌వేరు అందులో లేదు. దాన్ని చేర్చాలి. ఆ పైన, జాబితాలో లేని చోటునుంచి వచ్చిన ఉత్తరాన్ని ఏం చెయ్యాలో చెప్పే ఇంకో వరుస రాయాలి. మొదట కొన్ని వారాలు ఊరికే గమనించండి అని సూచనల్లో ఉంది.

"గమనించాలా? దొంగకి కుర్చీ వేసి గమనిస్తారా ఎవరైనా? గెంటెయ్యమను!"

తన పేరు సంగతి తనే చూసుకుంటానని నన్ను లేపి, గెంటెయ్యమనే వరుసతో సహా అన్నీ, పురుగుని నొక్కుతున్నట్టు ఒక్కో అక్షరం ఒంటి వేలితో కొట్టాడు.

గురువారం మేనేజరుకి ఉత్తరం పంపితే నిమిషంలో తిరిగొచ్చింది. సాఫ్ట్‌వేరు పంపినవీ తిరిగొచ్చాయి.

"ఛీ! నా గుమ్మంలోంచి నన్నే గెంటారు!"

సెట్టింగులు తెరిచి చూశాను. పాత వరుస అలాగే ఉంది. దాని కింద సాఫ్ట్‌వేరు కోసం ఆయన ఇంకో కొత్తది రాశాడు. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. ఆయన పనిగదిలో ఆర్డరు చీటీ మీద కొట్టివేతలు ఉండకూడదు. పంటి రంగు మారితే కొత్త చీటీ రాసి పాతదాని కింద పిన్ను గుచ్చాలి. ఒకసారి దిద్దిన అంకె సరిగా కనపడక, ఒక ముసలావిడకి పసుప్పచ్చటి వరసలో పాలలాంటి పన్ను ఒకటి వెళ్ళింది. అప్పటినుంచీ ఆ కట్టుబాటు.

"ఇలాంటి వరుస ఒక్కటే ఉండాలి బావా. రెండుంటే రెండూ చెల్లవు."

"రెండూ నిజమేగా?"

"నిజమే. రెండిటినీ కలిపి ఒక్క వరుసలో చెప్పాలి. పాతది చెరిపెయ్యి."

ఆయన చెయ్యి కదల్లేదు. అక్క వచ్చి వెనకాల నిలబడింది.

"చెరపండి. చీటీయా పాడా! రేపే శుక్రవారం."

పాత వరుసను అక్షరం పొల్లుపోకుండా ఒక కాగితం మీద రాసుకుని, గోడకి గుచ్చి, అప్పుడు చెరిపాడు. కొత్తదాంట్లో రెండూ కలిపి రాశాడు.

మర్నాడు మధ్యాహ్నం మేనేజరు, "వచ్చిందండీ, ఇన్‌బాక్స్‌లోనే," అంది. ఫోన్ పెట్టేశాక బావకి సంతోషం కంటే కంపరమే ఎక్కువైంది. "నేను నేనేనని ఒప్పుకున్నార్ట," అన్నాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఒక నివేదిక వచ్చేది. ఆయన పేరు పెట్టుకుని ఎక్కడెక్కడినుంచి ఎన్ని ఉత్తరాలు బయల్దేరాయో, ఎన్నిటిని తిప్పికొట్టారో అందులో ఉండేది. "నిన్న నూటపన్నెండు," అని బోనులో పడ్డ ఎలకల లెక్కలా అక్కకి చెప్పేవాడు.

బావ పోయి ఐదు నెలలైంది. పనిగది ఖాళీ చేశాం. నివేదికలు ఇప్పుడు నాకొస్తున్నాయి. పోయిన మనిషి పేరుని కూడా ఈ వెధవలు వదలరు.

"ఆ అడ్రసు తీసేయించవే, ఎవరికి రాయాలని?" అంది అక్క మొన్న.

ఆ వెబ్ చిరునామా వదిలేస్తే ఎవడైనా కొనుక్కుని దర్జాగా వాడుకుంటాడని చెప్పాను. ఇంకో పదేళ్ళు మన దగ్గరే ఉండేలా డబ్బు కట్టేశానన్నాను.

అక్క, "ఇవాళ ఎన్ని?" అని అడిగింది.