నాగరాజ్ కుడికాలు

డోన్ పట్నం దాటాక నాపరాళ్ల గనుల పక్కన ఒక హైస్కూలు మైదానం ఉంది. అక్కడ ఆట మొదలుపెట్టే ముందు అందరూ వంగి రాళ్లు ఏరాలి. ఎంత ఏరినా ఒక్క వాన పడితే చాలు, భూమి మళ్లీ పళ్లు బయటపెడుతుంది. ఆ నేల మీద హాకీ ఆడితే బంతి ఎటు పోతుందో కొట్టినవాడికీ తెలియదు, ఆపాల్సినవాడికీ తెలియదు. నేరుగా వస్తున్నట్టే వచ్చి, కట్టె దగ్గర గంగిరెద్దులా ఎగిరి అవతలికి దూకేస్తుంది. అందుకని ఆ ఊరి పిల్లలకు ఒక అలవాటు. ముందు కట్టె, దాని వెనక కుడికాలు. కట్టెను తప్పించుకున్న బంతి కాలికి తగిలి ఆగుతుంది. కాలితో ఆపడం తప్పేనని ఆటల పంతులు సుందరం సారుకు తెలుసు. ఈల నోట్లో పెట్టుకునే ఉండేవాడు గానీ ఊదేవాడు కాదు. ఊదడం మొదలుపెడితే పొద్దు గూకేదాకా ఊదుతూనే ఉండాలి.

నాగరాజ్ ఆ కాలితోనే పెద్దవాడయ్యాడు. తండ్రి దేవేంద్రప్ప గనిలో రాళ్లు కోసేవాడు. సుందరం సారు బదిలీ మీద వస్తూ వస్తూ ఒక గోతం నిండా పాత హాకీ కట్టెలు తెచ్చుకోకపోయి ఉంటే కొడుకూ ఆ గనిలోకే దిగేవాడు. గోలుకు ముందు, ఫుల్‌బ్యాక్ చోట నాగరాజ్ నిలబడితే అతన్ని దాటి బంతి పోవడం కష్టం. ఆదోనిలోనో గుంతకల్లులోనో టోర్నమెంటు జరిగితే, మనుషులు చాలని జట్లు అతనికి కబురు పెట్టేవి. బస్సు ఛార్జీ, రెండు పూటలా అన్నం, గెలిస్తే ఒక టవలు. "మావోడు మనిషి కాదప్పా, గోడ" అని సుందరం సారు ఊరంతా చెప్పుకునేవాడు.

ఆ గోడకు చిల్లు పడింది పచ్చటి టర్ఫ్ మీద. సుందరం సారు రాష్ట్ర జట్టు ఎంపికకు పంపితే, అక్కడి మైదానం నీళ్లు చల్లి పరిచిన చాపలా ఉంది. దాని మీద బంతి గీత గీసినట్టు వచ్చింది. నాగరాజ్ కట్టె పెట్టాడు, కాలు పెట్టాడు. ఈల మోగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ మోగింది.

"ఏంది సార్ తప్పు? బంతి ఆపినా కదా" అన్నాడు.

"కాలితో ఆపేదానికైతే ఫుట్‌బాల్ ఆడుకో పో, ఈడికెందుకొచ్చినావు?" అన్నాడు ఈల పట్టుకున్నాయన.

గోలు ముందు అర్ధచంద్రం గీత ఉంటుంది. దాని లోపల ఆపేవాడి కాలికి బంతి తగిలితే ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్ ఇస్తారు. గోలు కాదుగానీ గోలుకు దగ్గరి చుట్టం. నాగరాజ్ ఆ రోజంతా ఎదుటివాళ్లకు ఆ చుట్టాన్ని ఇస్తూనే ఉన్నాడు.

తరవాత కూడా అతన్ని పూర్తిగా వదులుకోని మనిషి ఒకడే, కంబన్న. ఆదోని టోర్నమెంట్లలో అతని ఆట చూసినవాడు, ఆలూరు వైపు నుంచి పోయి బెంగళూరులో ఒక పంపుసెట్ల కంపెనీ జట్టుకు కోచ్ అయ్యాడు. నాగరాజ్‌ను తీసుకుపోయి కంపెనీలో కాంట్రాక్టు మీద పెట్టించాడు. పొద్దున పంపులు అట్టపెట్టెల్లో సర్దాలి, సాయంత్రం ఆట. లీగులో వాళ్లది రెండో డివిజన్, ఆటలన్నీ టర్ఫ్ మీదే. ఆ ఆటలు చూడటానికి వచ్చేది ఆడేవాళ్ల బంధువులు, వేరుశనగకాయలు అమ్మేవాడు. కానీ జట్టు మొదటి డివిజన్‌కు ఎక్కితే ఆటగాళ్లను పర్మనెంట్ చేస్తామని కంపెనీ చెప్పింది. ఏటా కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టే ప్రతిసారీ నాగరాజ్ చెవిలో ఆ మాటే తిరిగేది. అతనికి ముప్పై దగ్గరపడుతోంది. భార్య శివజ్యోతి ఊళ్లో అతని తల్లి హనుమంతమ్మ దగ్గరే ఉంది. పర్మనెంట్ అయితే గానీ బెంగళూరులో ఇల్లు తీయలేడు.

ఒకసారి సెలవు మీద ఊరికొచ్చి గడప పక్కన కూర్చున్నాడు. శివజ్యోతి తరుగుతున్న గంపలోంచి ఒక ఉల్లిగడ్డ జారి దొర్లింది. నాగరాజ్ ఎటో చూస్తున్నాడు. కుడికాలు మాత్రం చప్పున పోయి దాన్ని ఆపేసింది.

"తినే వస్తువును కాలితో తొక్కుతాండావు, కండ్లు నెత్తికెక్కినాయా?" అంది హనుమంతమ్మ.

"నేను పెట్టలేదుమా. అదే పోతాది."

"అదే పోతాదంట. దాన్నేమన్నా వేరేగా కన్నానా నేను?"

శివజ్యోతికి నవ్వాగలేదు. "మేకపిల్లకు కట్టినట్టు దానికీ ఒక మువ్వ కట్టల్ల అత్తా" అంది. మాటవరసకే అంది గానీ, అతను తిరిగి పోయేనాడు నిజంగానే మేకపిల్ల మెడలోని మువ్వ విప్పి మేజోడు అంచుకు కుట్టి ఇచ్చింది. "కదిలినప్పుడల్లా నీకే తెలుస్తాది. సిగ్గుపడొద్దు. ఉద్యోగం కన్నా సిగ్గు పెద్దదా?"

బెంగళూరులో జట్టంతా నవ్వింది. బంతి వచ్చినప్పుడల్లా ఎవడో ఒకడు మేకలా అరిచేవాడు. కంబన్న మాత్రం నవ్వలేదు. "అరవనీలే నాగప్పా. మువ్వ మోగకుండా ఆటంతా ఆడిననాడు నీకు బిర్యానీ పెట్టిస్తా" అన్నాడు. మామూలుగా అడుగేస్తే మువ్వ సన్నగా గలగలమనేది. కాలు బంతికి అడ్డంగా పోతే గట్టిగా ఒక్కసారి మోగేది. నాగరాజ్ ఆ రెండో చప్పుడుకు భయపడటం నేర్చుకున్నాడు. గదిలో గోడకు బంతి కొట్టుకుంటూ, క్యాంటీన్ వరసలో నిలబడి, కాలును కట్టేసిన దూడలా వెనక్కి లాక్కుంటూ ఉండేవాడు. మరుసటి ఏడు వానలు వచ్చేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది. కంబన్న బిర్యానీ తినిపించి, "ఇంగ మువ్వ తీసెయ్. కాలు సచ్చింది" అన్నాడు. ఇద్దరూ ఆ మాటకు సంతోషపడ్డారు.

ఆ ఏడే జట్టు బాగా ఆడింది. ఆఖరి ఆట సమానంగా ముగిసినా చాలు, మొదటి డివిజన్‌కు ఎక్కుతారు. శివజ్యోతి ఫోన్ చేసి, "పర్మనెంట్ అయితే వెంటనే చెప్పు. నేను గంపా చాటా సర్దుకోవల్ల" అంది.

ఆట ముందురోజు కబురొచ్చింది. టర్ఫ్ మీద పెద్ద జట్ల ఆటలున్నాయట, రెండో డివిజన్ వాళ్లు పాత కాలేజీ మైదానంలో ఆడుకోవాలట. అదేమని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్లు లేరు.

పోయి చూస్తే ఎర్రమట్టి నేల, సున్నం గీతలు. నాగరాజ్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే వంగి రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు.

"నీకేమప్పా, అత్తగారింటికొచ్చినట్టు ఉండాది" అని కంబన్న కూడా నవ్వాడు.

ఆట చివరిదాకా చెరొక గోలుతో సమానంగానే ఉంది. అవతలి కుర్రవాడొకడు అలసిపోయి, అర్ధచంద్రం గీత లోపలికి వచ్చి బంతిని అరకొరగా కొట్టాడు. అది పిల్లలు దొర్లించినట్టు మెల్లగా నాగరాజ్ మీదికే వచ్చింది. అతను వంగి కట్టె వేశాడు. బంతి ఏదో రాయి తగిలి చిన్నగా ఎగిరి, కట్టె మీదుగా దూకింది. ఆ దూకుడు నాగరాజ్‌కు తన ఇంటి వాకిలంత తెలుసు. వెనక కాలు ఉంటుందని అతని ఒళ్లు కాచుకుని ఉంది. కాలు రాలేదు. పెట్టాలని మనసులో అనుకున్నాడు కూడా. అది మాత్రం బుద్ధిమంతుడిలా పక్కన నిలబడి ఉంది. బంతి దాని పక్కనుంచే గోల్లోకి పోయింది. నాగరాజ్ ఆపేస్తాడని నమ్మి గోల్‌కీపర్ అప్పటికే పక్కకు తిరిగి ఉన్నాడు.

"కాలు పెట్టింటే పెనాల్టీ కార్నరే కదప్పా" అన్నాడు కంబన్న, ఆట అయ్యాక. "గోలయితే కాదు కదా." అనేసి, తను ఏమన్నాడో తనకే వినపడినట్టు, తల తిప్పుకుని కట్టెల సంచీ సర్దుకోసాగాడు.

జట్టు పైకెక్కలేదు. మరుసటి ఏడు కాంట్రాక్టు కాగితం రాలేదు. కొత్త పిల్లలను తీసుకున్నారు. శివజ్యోతి మువ్వను మళ్లీ మేకకు కట్టింది. ఇప్పుడు ఇంట్లో ఉల్లిగడ్డ దొర్లితే తనే లేచి పోయి తెచ్చుకుంటుంది.

నాగరాజ్ డోన్‌లో ఒక లారీ ఆఫీసులో లోడు లెక్క చూస్తున్నాడు. సుందరం సారు రిటైరైనా మైదానం వదల్లేదు. ఈ మధ్య ఆడపిల్లల జట్టొకటి కట్టి, "నువ్వు పెద్ద ఆటలు ఆడినోడివి, వచ్చి రెండు మాటలు చెప్పు నాగప్పా" అని బలవంతం చేస్తే ఒక ఆదివారం పోయాడు. ఫుల్‌బ్యాక్ చోట జెస్సీ అనే పిల్ల ఆడుతోంది. ముందు కట్టె, వెనక కుడికాలు. ఒక్క బంతినీ పోనివ్వడం లేదు.

"కాలు తియ్యమని చెప్పు" అన్నాడు సుందరం సారు. "ఎంపికలకు పంపల్ల ఆ పిల్లను."

నాగరాజ్ చెప్పాడు. జెస్సీ తీసింది. తరవాతి బంతి ఎగిరి కట్టె మీదుగా పోయింది. దాని తరవాతిదీ పోయింది. జట్టు పిల్లలు ఆమె మీద గొణుగుతున్నారు. జెస్సీ కట్టె భుజాన వేసుకుని అతని దగ్గరకొచ్చింది.

"సార్, కాలు పెట్టల్నా, వద్దా? ఏదో ఒకటి చెప్పండి సార్."

నాగరాజ్ సుందరం సారు వైపు చూశాడు. ఆయన ఈల తీసి చొక్కాకు తుడుచుకుంటున్నాడు. పిల్ల ఎదురుగా నిలబడే ఉంది, కుడికాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాలిలో కొంచెం ఎత్తి.

"ముందు రాళ్లు ఏరుదాం పాండి" అన్నాడు నాగరాజ్, వంగుతూ.

"ఇందాకనే ఏరినాం సార్."

"ఇంగా ఉండాయి" అన్నాడు.