డొంక వదలని మా మేనత్త

దారిని దున్నుకున్నవాడిది పాపమా, వాడు దున్నుతుంటే గట్టున నిలబడి చూసినవాడిది పాపమా? ముందు దీనికి జవాబు చెప్పండి. చెప్పలేకపోతే నాతో పాటు కొంచెం దూరం రండి. ఈ వారం నాకు ఒకచోట కూర్చునే ఓపిక లేదు.

మా మేనత్త పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను నందిగామలో ఒక విశ్వాసి ఇంట్లో ప్రార్థన కూడికలో ఉన్నాను. గ్రంథం తెరిచి ఉంది, వేలు వాక్యం మీద ఉంది, జేబులో ఫోను ఆగకుండా కొట్టుకుంటోంది. బయటికి వచ్చి ఎత్తితే అత్త కూతురు.

"బావా, అమ్మ లేవట్లేదు. పొద్దున్నే మేకల్ని ఇప్పి గుమ్మంలో కూలబడింది. డాక్టరు చూసి అయిపోయిందన్నాడు."

కాసేపు ఏడ్చి, మళ్లీ తనే అంది. "మేకలు మాత్రం వాటంతటవే డొంకలోకి పోయినయి బావా."

జగ్గయ్యపేట బస్సెక్కాక దారి పొడుగునా నా చెవిలో మోగింది ఆ రెండో మాటే.

డొంక అంటే తెలియని పట్నం వాళ్లుంటారు, చెబుతాను. పొలాల మధ్య నుంచి బళ్లూ పశువులూ మనుషులూ పోవడానికి ఊరందరికీ కలిపి వదిలిన మట్టిదారి. అది ఎవరి పట్టాలోనూ ఉండదు. మా డొంక పల్లె వెనక మొదలై వాగు దాకా పోతుంది. వాగు ఒడ్డున మా సమాధుల దొడ్డి. వాగు దాటితే, మా పెద్దల కాలంలో ప్రభుత్వం మా వాళ్లకిచ్చిన చిన్న చిన్న భూమి చెక్కలు. కంది, పత్తి, కాలం కలిసొస్తే మిరప. పంటకు పోవాలన్నా పాతిపెట్టడానికి పోవాలన్నా మాకు అదే దారి.

నా చిన్నప్పుడు రెండు ఎడ్లబళ్లు ఎదురుపడినా ఒకదానికొకటి తప్పుకోవాల్సిన పని ఉండేది కాదు. తర్వాత ఎడ్లు పోయాయి. ఊరికి అవతల వైపు తారురోడ్డు పడింది, ఆటోలొచ్చాయి. ఆటో దిగి ఇంకొకరి గట్ల మీద బతిమాలుకుంటూ నడవాల్సి వచ్చినా సరే, మాకు డొంక మొరటైపోయింది. మనిషి కనపడటం మానేశాక రెండు వైపులా పొలాలు మెల్లగా కదిలాయి. తొలకరికి దుక్కి దున్నే గొర్రు తోలేటప్పుడు ట్రాక్టరు ఒక సాలు ఇవతలికి వేస్తుంది. మళ్లీ ఏడు ఇంకో సాలు. పాపం కూడా ఇలాగే వస్తుంది, తలుపులు బద్దలు కొట్టుకుని రాదు.

అందరం మానేశాక కూడా ఆ డొంకలో నడిచిన మనిషి మా అత్త. ముందు మేకలు, వెనక ఆమె, చేతిలో కొడవలి. సర్కారు తుమ్మ మొలిచిన చోట వంగి కొట్టేది. కొట్టిన కంపను ఊరికే పారేసేది కాదు, పొలం అంచున పేర్చి పెట్టేది. మధ్యాహ్నం క్వారీలో రాళ్లు పేల్చే చప్పుడుకు మేకలు చెదిరిపోతే, బూతులు కలిపి వాటిని పిలుచుకునేది. ఆ బూతులు ఎవరికి తగలాలో వాళ్లకే తగిలేవి. ప్రసంగీకుడి మేనత్తవి, నోరు అదుపులో పెట్టుకో అంటే, "నువ్వు ఆదివారం తిడతావు, నేను ఆరు రోజులు తిడతన్నా, లెక్క సరిపోయిందిలేరా" అనేది.

ఒక ఏడు, డొంక పక్క పొలం ఆసామి దారిలోకి జరిగి పత్తి గింజలు పెట్టించాడు. మొలకలొచ్చాయి. అత్త మేకల్ని నేరుగా వాటి మీదుగా తోలింది. ఆయన తువ్వాలు విదిలించుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం ముసలమ్మా, కళ్లు కనపడట్లేదా? చేల్లోకి తోల్తన్నావేంది?"

"చేల్లోకి కాదయ్యా, డొంకలోకి. నీ చేనే తోవ తప్పి ఇటొచ్చింది, తోలుకుపో."

"రోడ్డుందిగా! ఆటోలున్నయిగా!"

"నా మేకలకి ఆటో చార్జీ నువ్విస్తావా?"

పక్కన కలుపు తీస్తున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆసామి కూడా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. సాయంత్రం ఆమెను నేను మందలించబోయాను. పొరుగువాడితో సమాధానంగా ఉండాలి కదత్తా అన్నాను. ఆమె మేక పొదుగు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఏరా అయ్యా, దారి పక్కన పడ్డ గింజల్ని పిట్టలు తినిపోయినయని నువ్వేగా చెప్తావు? ఆయన దారి మధ్యలోనే పోశాడు. మా ఊళ్లో పిట్టలకి నాలుగు కాళ్లు."

నేను ఆ ఉపమానం మీద ఎన్ని కూడికల్లో గొంతు చించుకున్నానో! మేకలు మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

మధ్యలో మేమూ ఒక పని చేశాం. పల్లె వాళ్లం కలిసి అర్జీ పెట్టాం. సర్వేయరు వచ్చాడు, మంచి మనిషి, ఎండలో తిరిగి కొలిచాడు. ఊరి పటంలో డొంక ఉందన్నాడు. హద్దురాళ్లు పాతించాం. టీలు తాగాం, ఫొటోలు దిగాం, నేను కృతజ్ఞతా ప్రార్థన కూడా చేశాను. ఆ సంబరంలో అత్త లేదు. వెళ్లి పిలిస్తే, "పటంలో ఉన్న దారిలో మేక మేస్తదా? రేపు మీలో ఎవరు నడుస్తారో చెప్పండి, అప్పుడొస్తా" అంది. మరునాడు ఎవరూ నడవలేదు. దారి మనదేనని తేలిపోయింది కదా, ఇక నడవడం ఎందుకనుకున్నాం. చూడండి ఎంత తెలివో! ఏడాది తిరక్కుండానే ఆ రాళ్లు గొర్రు కింద పడి మట్టిలో కలిశాయి. పొరుగువాడి హద్దు జరిపినవాడు శాపగ్రస్తుడని వాక్యంలో ఉంది. ఆ మాట చదివినప్పుడు ప్రజలందరూ ఆమేన్ అన్నారనీ ఉంది. మేమూ అంటాం ఆమేన్, కప్పు అదిరేలా. తర్వాత చెప్పులేసుకుని ఆటో ఎక్కుతాం.

దారి మూసుకుపోతోందని అందరికంటే ముందు పసిగట్టినవాడు ప్లాట్ల బ్రోకరు. కారు తారురోడ్డున వాగు వంతెన మీద ఆపి, చెక్కలున్న వాళ్లను ఒక్కొక్కరినే పక్కకు పిలిచేవాడు. దారి లేని భూమిని ఎవడు కొంటాడు, నేను గనక ఏదో ఒక రేటుకు తీసుకుంటున్నానని జాలి చూపేవాడు. ఇద్దరు ముగ్గురు అమ్ముకున్నారు కూడా. ఎరువు కట్ట పోదు, పంట బయటికి రాదు, ఏం చేస్తారు? అత్త దగ్గరకూ వచ్చాడు. ఆమె తన చెక్కలో కంది చేను మధ్య నిలబడి ఉంది.

"అమ్మా, నీ భూమికి దారి లేదు కదా."

"లేదా? మరి నేనిక్కడికి ఎట్టా వచ్చాను బాబూ, రెక్కలు కట్టుకొచ్చానా?"

వాడు మళ్లీ ఆమె దగ్గరకు రాలేదు. ఇప్పుడు వస్తాడు.

ఇక ఆమె చివరి ప్రయాణం సంగతి. పెట్టె సిద్ధమైంది. తొలకరి పడింది, డొంకలో మళ్లీ పత్తి మొలకలు. సంఘ పెద్దలు నన్ను పక్కకు తీసుకెళ్లి, వ్యాన్‌లో రోడ్డు మీదుగా వంతెన దాకా పోదాం, గొడవెందుకు అన్నారు. అత్త కూతురు వింది. "మా అమ్మ బతికుండగా ఎక్కని బండి చచ్చాక ఎక్కుద్దా? డొంకలోనే మోయండి. లేదంటే నేను మోస్తా" అంది. మోశాం. పెట్టెకు రెండు వైపులా మనుషులు పట్టే వెడల్పు లేదు. భుజం మార్చుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరి కాలు మొలకల్లో పడుతోంది.

ఆసామి తన గట్టున నిలబడ్డాడు. తల మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చెడ్డవాడని నేననను, కళ్లు తడిగానే ఉన్నాయి. మాకు దారి ఇస్తూ మెత్తగా అన్నాడు, "పర్లేదు, తొక్కండి. ఈ ఒక్కరోజేగా."

ఈ ఒక్కరోజేగా! విన్నారా? మా దారిలో మేం నడవడానికి ఆయన సెలవిచ్చాడు. మావాళ్లలో ఒకరిద్దరు చేతులెత్తి దండం కూడా పెట్టారు. గ్రంథంలో, అరణ్యంలో నడిచిన జనం ఎదోము రాజును దారి అడిగారు. నీ పొలాల్లోకి గాని ద్రాక్షతోటల్లోకి గాని పోము, దారిని మాత్రమే పోతామన్నారు. ఆ రాజు కత్తి పట్టుకుని అడ్డమొచ్చాడు. మా ఆసామికి కత్తి అక్కర్లేకపోయింది. ఆయన కరుణే చాలింది. సమాధి దగ్గర నేను పునరుత్థానం గురించి చెప్పాల్సినవాణ్ని. నోరు తెరిస్తే ఆ మాటే అడ్డం పడింది. ఏం చెప్పానో నాకే గుర్తులేదు. మట్టి వేశాక అందరూ వాగులో దిగి వంతెన వైపు నడిచారు. అక్కడ ఆటోలు కాచుకుని ఉన్నాయి.

ఆ మనిషి నాకేం నేర్పిందని ఎవరైనా అడిగితే, ఓర్పు అని చెప్పలేను. ఆమెకు ఓర్పు లేదు. మధ్యాహ్నం పడుకునేది కాదు. మా ప్రార్థన గుళ్లో ప్రసంగం సాగితే మధ్యలోనే లేచి మేకల దగ్గరికి పోయేది. నా ప్రసంగానికి కూడా! దేవుడికి ఆమె తీరు నాకంటే బాగా తెలుసు కాబట్టి గుమ్మంలోనే, నిలబడి ఉండగానే తీసుకెళ్లాడు. ఆమెకు నేను రుణపడింది ఈ కుదురులేనితనానికే. ఇన్నాళ్లూ నాలో ఉన్న ఆ గుణాన్ని శరీర బలహీనత అనుకుని ప్రార్థనలో పోగొట్టుకోవాలని చూశాను.

ఇప్పుడు జరుగుతున్నది వినండి. అత్త కూతురు పనికి పోయే మనిషి, మేకల్ని కాయలేదు. జగ్గయ్యపేట నుంచి మేకల వ్యాపారి వచ్చి చూసి వెళ్లాడు. మేకలు పోతే డొంకలో ఇక కాలు పడదు. ఈ తొలకరి ఒక్కటి గడిస్తే చాలు, రెండు వైపుల సాళ్లూ మధ్యలో కలిసిపోతాయి. వాగవతల మిగిలిన చెక్కలన్నీ బ్రోకరు కారు దగ్గరకు నడిచిపోతాయి. మూడు రోజులుగా మేకల్ని నేనే తోలుతున్నాను. నాకు చేతకావట్లేదు, అవి నా మాట వినవు. మనిషిని ఒక్కణ్నే. ఒక్కడు నడిస్తే పిచ్చివాడంటారు. పది మంది రోజూ నడిస్తే దాన్ని దారి అంటారు.

మా పల్లె వాళ్లారా, ఇది చదివి నిట్టూర్చవద్దు. సంతాప సభ పెట్టవద్దు, దండలు తేవద్దు. వేరే ఊళ్ల వాళ్లారా, మీకూ ఒక డొంక ఉంటుంది, వెళ్లి చూడండి ఎంత మిగిలిందో. రేపు ఆదివారం ఆరాధన అయ్యాక వస్తామనకండి. నేను ఈ నాలుగు ముక్కలు గట్టు మీద నిలబడే రాస్తున్నాను. మిగిలిన ఆ కాస్త దారినీ దున్నడానికి డొంక మొదట్లో గొర్రు కట్టిన ట్రాక్టరు ఆగి ఉంది. ఇంజను ఆపలేదు. డ్రైవరు అవతల టీ తాగుతున్నాడు, గ్లాసు సగమైంది. కాగితం పక్కన పడేసి లేవండి. ఆ మిగతా సగం అయ్యేలోపు వచ్చి డొంకలో నిలబడండి.