నా జోకులకు నవ్వని జమున మేడం

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. ఇరవై ఏళ్లుగా బాన్సువాడ నుంచి మద్నూరు దాకా బస్సులో కండక్టరుని. మాట సాగదీయకపోతే ఆ దారి తరగదు. కాబట్టి నేను రాసినదాంట్లో సగం తీసేసి చదువుకోండి. మొన్న ఒక రైతు ఎరువు బస్తా బస్సులోకి ఎక్కించాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే జమున మేడం గది గుర్తొచ్చింది.

జమున మేడం కౌన్సెలర్. నిజాంసాగర్ వైపు తండాలో పుట్టి, పట్నంలో చదువుకుని, వారానికి రెండు రోజులు మా ఊళ్ళో ఎరువుల కొట్టు మీది గదిలో కూర్చునేవారు. పైకి ఎక్కితే పిచ్చివాళ్ళంటారని భయపడి, జనం కింద ఒక జింకు పొట్లం కొని, అది కనబడేలా పట్టుకుని మెట్లెక్కేవారు. గుంట భూమి లేని నేను కూడా జిల్లా వరికంతటికీ సరిపడా జింకు కొన్నాను.

అక్కడికి ఎందుకు వెళ్ళామంటే, మా అమ్మాయి శ్రావ్య నాతోనూ, వాళ్ళమ్మతోనూ మాట్లాడటం మానేసింది. పదో తరగతి లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చి తప్పింది. మర్నాడు నా బస్సే ఎక్కింది. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణానికిచ్చే జీరో టికెట్ చేతిలో పెడుతూ, "మా బిడ్డకు లెక్కల్ల గిదే వచ్చింది" అన్నాను. బస్సంతా నవ్వింది. అమ్మాయి తర్వాతి స్టేజీలో దిగి, ఎండలో నడిచి ఇంటికెళ్ళి, తలుపేసుకుంది. రెండు నెలలు దాటినా కంచం గదిలోకే. బక్కచిక్కిపోయింది.

మూడు జిల్లాలు గాలించి నేనే మంచి కౌన్సెలర్ కోసం వెతికాను. మొదటాయన నా జోకులకు ఎంత నవ్వాడంటే, టైమంతా దానికే సరిపోయింది. శ్రావ్య గోడ చూస్తూ కూర్చుంది. రెండో ఆవిడ అమ్మాయికి క్రమశిక్షణ మీద ఉపన్యాసమిచ్చి, ఈసారి తొంభై తెస్తానని ఒట్టు వేయమన్నారు. జమున మేడం మూడో మనిషి. ఆవిడ దగ్గరా నా సరుకంతా దించాను. పెదవి కదల్లేదు. ఆ రోజు బస్సులో కాలు పెట్టే చోటు లేదని, నాలుగు వందల మంది ఒక్కసారి నవ్వితే టైర్లు కుంగాయని చెప్పాను.

"అన్నా, నవ్వించుడు అయిపోయిందా?" అన్నారు మేడం మెల్లగా. "ఇగ ఏం కలపకుండ మల్ల చెప్పు. ఎంతమంది ఉన్నరు?"

వంద అన్నాను. ఆవిడ మళ్ళీ అదే అడిగారు. అరవై అన్నాను. నలభై. ఇరవై ఏళ్లుగా సాగదీసిన నా నోటికి అదెంత కష్టమో చెప్పలేను. చివరికి, "మధ్యాహ్నం ట్రిప్పు మేడం. పదకొండు మంది" అన్నాను.

"పన్నెండు" అంది శ్రావ్య. "నన్ను లెక్కవెట్టలే."

మేడం మెచ్చుకోలేదు, ఆశ్చర్యపోలేదు. మంచినీళ్ళ గ్లాసు అమ్మాయి వైపు జరిపి, "నువ్వు ఏడ కూసున్నవ్ బిడ్డా?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు ఒక్కరోజూ తోచలేదు.

"డ్రైవర్ ఎనుక సీట్ల."

అప్పుడు నన్ను కిందికి పంపారు. గంటసేపు యూరియా బస్తాల మీద కూర్చుని, పైనుంచి సన్నగా వినిపించే శ్రావ్య గొంతు విన్నాను. ఒక్క మాట అర్థం కాలేదు. అర్థం కానక్కర్లేదని అక్కడే తెలిసింది.

ఆ తర్వాత కూడా చాలాసార్లు మెట్లెక్కాం. చాలా వారాలకు ఒక పూట శ్రావ్య కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుని, "డాడీ, నా ముచ్చట బస్సుల చెప్పకు" అంది. చెప్పలేదు. ఇది కూడా ఆమె చదివి, రెండు చోట్ల కొట్టేశాకే మీ దాకా వచ్చింది. ఇప్పటికీ బస్సులో జోకులేస్తాను. కాకపోతే ఎవరి మీద వేస్తున్నానో ఆ మనిషి మొహం ముందు చూస్తాను. జమున మేడం నాకు నేర్పింది అదే.

ఇక నేను కల్పించినదేమిటో చెప్పాలి. మూడు జిల్లాలు గాలించి నేనే వెతికానన్నది అబద్ధం. వెతికింది నా భార్య విజయ. ముందు ఇద్దరి దగ్గరికీ బయటి ఊళ్ళని వెళ్ళాను గానీ, జమున మేడం సంగతి తెలుసుకుని ఆమె బయల్దేరితే, సొంత ఊళ్ళో అందరూ చూస్తారని, మా ఇంట్లో పిచ్చివాళ్ళెవరూ లేరని అడ్డం నిలబడ్డాను. పదిహేను రోజులు తల్లీకూతుళ్ళను గడప దాటనివ్వలేదు. పదిహేను రోజులే. అందులో నేను కలిపింది ఏమీ లేదు.