ముప్పై కౌంట్ ఫోటోలు

విడవలూరు దగ్గర రొయ్యల గుంటలున్న ఒకాయన కూతురి ఓణీల ఫంక్షన్‌కి నేను ఫోటోలు తీసినాను. ముప్పై వేలని ముందే మాట్లాడుకున్నాం. నా బుద్ధి గడ్డి తిని అడ్వాన్స్ అడగలేదు. రెండు వేల ఫోటోల్లోంచి మూడు వందలు ఏరి, పది రోజులు కూర్చుని ఒక్కొక్కటీ సరిచేసి పంపినాను.

ఇంకో పని మీద పోతూ, కెమెరా మెడలో వేసుకునే డబ్బుల కోసం గుంట దగ్గరికి పోతే, "మూడొందలేనా? నొక్కేది బటనే గదా తమ్ముడూ, పదిహేను వేలు తీసుకో" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

అప్పుడే గట్టు మీద రొయ్యల పట్టుబడి జరుగుతోంది. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్. ఎంత తక్కువ తూగితే రొయ్య అంత పెద్దది, రేటు అంత ఎక్కువ. ఇది మా వైపు చిన్నపిల్లలకీ తెలుసు. ఏరి ఇచ్చిన ఫోటోలు కూడా అంతేనని ఈ పెద్దమనిషికి మాత్రం తెలియదు.

సరుకు కొనే ఏజెంట్ తూకం వేసి, "ముప్పై కౌంటే గానీ నలభై కౌంట్ రేటే ఇస్తా" అన్నాడు. గుంటలాయన ఎగిరిపడినాడు.

"నాలుగు నెలలు కంటి మీద కునుకు లేకుండా పెంచినా! ఆ కష్టానికి రేటు లేదా?"

ఏజెంట్ మెట్టు దిగలేదు. ఈయన నా వైపు తిరిగి, "తమ్ముడూ, ఈ రొయ్యలు బాగా కనపడేట్టు ఒక ఫోటో తియ్యి. ఇంకో ఏజెంట్‌కి పంపిస్తా. నువ్వు తీస్తేనే రేటొస్తుంది" అన్నాడు.

నేను కెమెరా సంచిలో పెట్టి జిప్పు లాగినాను.

"నొక్కేది బటనే గదన్నా. మీరే నొక్కుకోండి."