చర్మాన్ని మెత్తబరిచిన కత్తెరక్క

కత్తెరక్క గురించి మూడు మాటలు ప్రచారంలో ఉన్నాయి. పై అధికారి మీద కక్షతో ఆయన పరిశోధనను మట్టిలో కలిపిందని ఒకటి. జుట్టు రంగు అమ్మేవాళ్ల దగ్గర ఏదో పుచ్చుకుందని మరొకటి. రంగు వల్ల ఎవరికీ ఏమీ కాదని తేల్చేసిందని మూడోది. ఇది రంగు వేసుకునేవారి కోరిక. మూడూ అబద్ధాలే.

శస్త్రచికిత్సల్లో మిగిలిన చర్మపు ముక్కలను ప్రయోగశాలలో సన్నగా తరగడం ఆమె పని. జుట్టు రంగులో ఉండే ఆరోమాటిక్ అమీన్ అనే రసాయనం కొందరికి దురద, బొబ్బలు తెస్తుంది. చర్మంలోని ఎంజైమ్ ఒకటి దానికి చిన్న రసాయనపు తోక తగిలించి పొగరు అణచగలదా అన్నది పరీక్ష. రెండేళ్లుగా జవాబు సున్నా. నెరిసిన తలకు తానే రంగు పూసుకునే అధికారి, మనిషి చర్మంలో ఆ ఎంజైమ్ లేదని వ్యాసం రాసి కూర్చున్నాడు. అది అచ్చుకు వెళ్లగానే అక్క తాత్కాలిక ఉద్యోగాన్ని ఖాయం చేయిస్తానని మాటిచ్చాడు.

అంకెలు సరిచూద్దామని నమోదు పుస్తకం తిరగేస్తుంటే, ఒక్క ముక్క ఆమెకు కంట్లో నలుసైంది. అందులో ఎంజైమ్ పనిచేసింది. "అదేదో పొరపాటు, కొట్టేయండి" అని అధికారి అప్పుడే అన్నాడు. ఆ రోజు అక్కకు గుర్తుంది. చెల్లెలికి నొప్పులొచ్చాయి, ఆసుపత్రికి పరుగెత్తాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన, రాయిలా గడ్డకట్టిన ముక్కను, వేళ్లు కొంకర్లు పోతున్నా, అలాగే కోసేసింది. మిగతా రోజుల్లో గంటసేపు బల్ల మీద ఉంచి, వెన్నలా మెత్తబడ్డాకే కత్తెర పట్టేది. ఆమె తరుగుడును మెచ్చుకోనివారు లేరు. ఎంజైమ్ మాత్రం ఆ గంటలోనే చచ్చి ఊరుకునేది.

చెల్లెలు అంతా విని, "నోరు మూసుకో అక్కా. పర్మనెంట్ అయ్యాక చెప్పుకో," అంది.

"అప్పటికి అచ్చయిపోతుంది కదే."

"అయితే ఏం? ఎంజైమ్ వచ్చి నీ మీద కేసు పెడుతుందా?"

రెండు రోజులు నలిగి, మూడో రోజు అధికారి గదిలో చెప్పేసింది.

"అంటే నా రెండేళ్ల పని నీ కత్తెర పాలైందంటావా, అమ్మా?"

"కత్తెర పాలు కాదు సార్, బల్ల పాలు. తప్పు మాత్రం నాదే."

"నీ ఉద్యోగం సంగతి తెలిసే చెబుతున్నావా?"

"తెలిసే సార్. అందుకే రెండు రోజులు ఆలస్యమైంది."

వ్యాసం ఆగింది. ఇరవై కొత్త ముక్కలను గడ్డగా ఉండగానే కోశారు. పంతొమ్మిదింటిలో ఎంజైమ్ పనిచేసింది. కొన్నింటిలో చురుగ్గా, కొన్నింటిలో బద్ధకంగా. రంగు మంచిదనీ చెడ్డదనీ ఆ అంకెలు చెప్పలేదు. ఖాయమైన ఉద్యోగం మరొకరికి పోయింది.

న్యాయంగా చూస్తే అధికారికీ ఇందులో వాటా ఉంది. తన నమ్మకానికి అడ్డొచ్చిన ఒకే ఒక్క అంకెను కొట్టేయించింది ఆయనే. ఇక ఆమె చేసిందేమిటంటే, తన పనితనమే రెండేళ్ల ఫలితాలను పాడుచేసిందని కనిపెట్టి, ఎవరూ అడగకముందే ఒప్పుకుంది.